నూలు ఉప్పు

సుంకి ఒళ్లు చేసిందని అందరికంటే ముందు సంతోషపడింది మల్లక్కే. మనవరాలికి ఐదో ఏడు. తల్లి రెండో కానుపుకని గూడూరు పుట్టింటికి పోయి నెల దాటింది. తల్లి దగ్గర లేక బిడ్డ చిక్కిపోయిందన్న మాట రాకూడదని మల్లక్క పూటపూటా జొన్నరొట్టెకు వెన్న పూసి పెట్టింది. ఉగాది దాటేసరికి సుంకి బుగ్గలు పొంగాయి, కాళ్లకు కడియాలు బిగిశాయి. కోడుమూరు మగ్గాల వీధిలో ఎవరైనా ఆగి "జేజి చేతి కూడు బాగా ఒంటబట్టిందే" అంటే, "దిష్టి పెట్టకండే" అని పైకి కసురుకునేది గాని లోపల మురిసిపోయేది.

ఆ మురిపెంలో పుల్ల వేసింది పక్కింటి షంషాద్ బీ. ఆమె రోజూ వచ్చి మల్లక్క వాళ్ల మగ్గానికి నూలు కండెలు చుట్టిపెడుతుంది. రాట్నం తిప్పుతూ నాలుగు రోజులు పిల్లనే చూసింది. ఐదో రోజు రాట్నం ఆపింది.

"మల్లక్కా, నాకు తెలీక అడుగుతా. మీ పాపకు పొద్దున చూస్తే మొగం లావు. మాపటికి చూస్తే మొగం తగ్గి కాళ్లు లావు. కొవ్వు యాడన్నా ఇట్ల తిరుగుతాదా?"

మల్లక్క నవ్వబోయి ఆగింది. ఆ మాట నిజమే. తానూ చూసింది, చూసి కూడా పట్టించుకోలేదు. పిల్లను దగ్గరికి లాక్కుని ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీస్తే గుంట అట్లాగే నిలిచిపోయింది. కలిపిపెట్టిన పిండి మీద నొక్కినట్టుంది. ఇద్దరాడవాళ్లూ తలలు దగ్గర పెట్టి, ఆ గుంట పూడేదాకా చూశారు.

"కొవ్వు కాదే ఇది, నీళ్లు" అంది మల్లక్క.

మరుసటి పొద్దున పెరట్లో ఇంకొకటి కంటబడింది. సుంకి ఉచ్చ పోసి లేచిన చోట నురగ. మామూలుగా నేల పీల్చుకుంటే నురగ పోవాలి. ఇది పోలేదు. సన్నసన్న బుడగలు ఒకదాన్నొకటి పట్టుకుని అట్లాగే కూర్చున్నాయి. నురగ సంగతి మల్లక్కకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ముప్పై ఏళ్లుగా పడుగులకు, మగ్గం మీద నిలువునా సాగే పోగులకు, గంజి కాస్తోంది. ఉత్త నీళ్లకు వచ్చే నురగ నిమిషం నిలవదు. నిలిచిందంటే నీళ్లలో ఏదో కలిసిందనే.

మల్లక్క గంజి పట్టించిన పడుగు మగ్గం మీద తెగదని వీధిలో పేరు. ఎండాకాలం హంద్రి ఏటి ఒడ్డు నుంచి వడగాలి కొట్టేటప్పుడు నూలు ఎండి పుటుక్కున తెగుతుంది. అందుకని ఆమె కొర్రల గంజి కాచి, దించే ముందు ఒక పిడికెడు ఉప్పు వేస్తుంది. ఉప్పు గాలిలోని చెమ్మను లాక్కుంటుంది, పోగు మెత్తగా ఉంటుంది. ఇది అత్త నేర్పిన కిటుకు. ఆ ఉప్పుకు వాళ్ల ఇంట్లో పేరు నూలు ఉప్పు. పడుగు పట్టే రోజున అంగడి నుంచి పొట్లం వస్తుంది, నేరుగా గంజి కుండలోకి పోతుంది. వంటింటి గడప తొక్కదు.

కొడుకు రామలింగప్ప బిడ్డ కాళ్లు చూసి పెద్ద ఈరన్నను పిలుద్దామన్నాడు. ఈరన్న గొర్రెలకాపరి. గొర్రెకైనా మనిషికైనా కడుపు ఉబ్బితే సూది కాల్చి వాత పెడతాడు. రామలింగప్ప చొక్కా ఎత్తి బొడ్డు పక్కన మూడు మచ్చలు చూపించాడు.

"నాకు ఈరన్న వాళ్ల నాయన పెట్టలేదా? నేను బతకలేదా?"

"నీకు వచ్చింది అజీర్తి రా. జాతరలో బొరుగులు మితిమీరి తింటివి. వాత పెట్టకపోయినా తెల్లారేసరికి తగ్గేదే."

"మరి దీనికేం వచ్చిందో చెప్పు."

"అదే తెలుసుకుందామంటా. కర్నూలు పెద్దాసుపత్రికి తీసకపోతా."

రామలింగప్ప ఒప్పుకున్నాడు, గాని గడువు పెట్టాడు. వచ్చే అమావాస్య దాకా. ఆ లోపల వాపు దిగకపోతే అమావాస్య రోజు ఈరన్న వస్తాడు. అమావాస్యకు ఇంకా ఇరవై ఆరు రోజులుంది. సుంకి ఎండలో కూర్చుని ఇదంతా విని, తన కడుపు మీద గౌను సర్దుకుని రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. మల్లక్క అది చూసింది.

కర్నూలు ఆసుపత్రిలో పిల్లకు నాడి పట్టకముందే ఉచ్చ పట్టివ్వమన్నారు. కాంపౌండరు ఏసేపు అని ఒక పెద్దాయన. దాన్ని సన్నటి గాజు గొట్టంలో పోసి, పై సగానికి తగిలేటట్టు స్పిరిటు దీపం మీద పట్టాడు. మల్లక్క బెంచీ మీద కూర్చోలేక లేచి పోయి ఆయన మోచేతి పక్కన నిలబడింది. కింది సగం టీ నీళ్ల రంగులో అట్లాగే ఉంది. పై సగం బుడబుడమని, చూస్తుండగానే తెల్లగా మారింది. ఏసేపు ఏదో పుల్లటి మందు రెండు చుక్కలు వేశాడు. తెలుపు పోకపోగా ఇంకా చిక్కబడింది.

"గంజి!" అంది మల్లక్క.

ఏసేపు నవ్వాడు. "గంజి కాదమ్మా. కోడిగుడ్డులో తెల్లసొన లేదా, ఆ జాతిది. కాలితే గట్టిపడతాది."

"బిడ్డ కడుపులోకి గుడ్డు యాడినుంచి వచ్చెనప్పా? మేం తినం."

"అది అందరి నెత్తురులోనూ ఉండాది. నెత్తురులోనే ఉండాల. ఇట్ల బయటికి రాగూడదు."

ఎందుకు వచ్చిందని మల్లక్క అడిగిన ప్రశ్నకు జవాబు డాక్టరమ్మ దగ్గర దొరికింది. ఆమె పిల్ల కళ్ల కింద, కడుపు మీద, మడమల దగ్గర నొక్కి చూసి, మూత్రపిండాల జబ్బు అంది. మల్లక్కకు ఆ మాట తెలియలేదు. ఏసేపు వెనక నుంచి అందుకున్నాడు. "మేకను కోసినప్పుడు నడుము దగ్గర చిక్కుడు గింజల మాదిరి రెండు ఉంటాయే, అవి."

"మా షంషాదు గుర్దా అంటాది. అవేం చేస్తాయి?"

"వడకడతాయి" అంది డాక్టరమ్మ. "నెత్తురును వడగట్టి మలినం బయటికి పంపి, మంచిది లోపల నిలుపుకుంటాయి. నీ మనవరాలికి ఆ వడగట్టే గుడ్డ కన్నులు సాగిపోయాయి. మంచిది కూడా కారిపోతోంది. అది పోయేసరికి నెత్తురులో నీళ్లు నిలవక కండలోకి దిగుతున్నాయి. అదే వాపు."

గంజి వడగట్టే గుడ్డ పాతబడి కన్నులు సాగితే ఏమవుతుందో మల్లక్కకు తెలుసు. అయితే ఆ గుడ్డను పారేసి ఇంకొకటి నేస్తారు. ఆ మాటే అడిగింది. "తీసి కొత్తది నేసుకోదా ఒళ్లు?"

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపి ఆమె వైపు చూసింది. "అదొక్కటే కుదరదమ్మా. పిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆ నేత అయిపోతుంది. కానుపుకు నెల ముందే చివరి పోగు పడుతుంది. పుట్టిన తర్వాత పిల్లతో పాటు అవీ పెద్దవవుతాయి గాని, కొత్త పోగు ఒక్కటి కూడా పడదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. కొందరు పిల్లలకు సాగిన కన్నులు వాటంతట అవే మళ్లీ బిగుస్తాయి. ఎందుకు బిగుస్తాయో మాకూ తెలియదు."

పెద్ద చదువు చదివిన మనిషి మాకూ తెలియదు అనడం మల్లక్కకు వింతగా తోచింది. తెలియదన్నందుకే ఆమె మీద నమ్మకం కుదిరింది.

కట్టడి ఒక్కటే. ఉప్పు. ఒళ్లో ఉప్పుంటే అది నీళ్లను పట్టుకుని వదలదు, నెల రోజులు పిల్ల నోట్లోకి ఒక్క రవ్వ కూడా పోకూడదు. పోయేటప్పుడు ఏసేపు మూతి విరిగిన గాజు గొట్టం ఒకటి గుడ్డలో చుట్టి ఇచ్చాడు. "వారానికోసారి కాచి చూసుకో. మా పుల్ల మందు లేకపోతే నిమ్మకాయ పిండు. నీకు ఇంత తపన ఉండాది, ఊరికే కూర్చోలేవు."

ఇంటికి రాగానే మల్లక్క ఉప్పు కుండ మూతికి గుడ్డ కట్టి, నేతగాళ్ల ముడి వేసి, షంషాద్ బీ ఇంట్లో పెట్టింది. ఊరగాయ జాడీ దాని వెంటే పోయింది. పిల్ల ఒక్కదానికే చప్పిడి పెడితే ఏడుస్తుందని ఇంటిల్లిపాదికీ చప్పిడే చేసింది. మొదటి రోజు రామలింగప్ప పప్పు నోట్లో పెట్టుకుని తల్లి వైపు చూశాడు.

"అమ్మా, జబ్బు నాకా దానికా?"

"నోరు మూసుకుని తిను. నీ కూతురు తినలేదా?"

సుంకి మూడు రోజులు మారాం చేసింది. వారం తిరిగేసరికి అడగడం మానేసింది. పిల్ల ఎంత బుద్ధిమంతురాలో అని మల్లక్క అందరికీ చెప్పుకుంది.

దీపాలు పెట్టే వేళకు రోజూ ఒక పని పెట్టుకుంది. పిల్ల మడమ పైన నూలు పోగు చుట్టి, సరిగ్గా కలిసిన చోట తుంచి, గోడ మేకుకు వరసగా తగిలించడం. మొదటి నాలుగు రోజులూ పోగు తగ్గుతూ వచ్చింది. ఐదో రోజు, ఆరో రోజు పెరిగింది. మళ్లీ తగ్గింది. పదమూడో రోజు మళ్లీ పెరిగింది. పదిహేనో రోజున పోగులన్నీ తీసి చాప మీద పక్కపక్కన పరిచి, వాటి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

షంషాద్ బీ రాట్నం దగ్గర నుంచి మెడ సాచింది. "ఏం చేస్తాండావు, ముగ్గేస్తాండావా?"

"చూడు. దిగుతాది, లేస్తాది. యాడో ఉప్పు పడతాండాది." మల్లక్క తల ఎత్తలేదు. "షంషాదూ, తప్పుగా అనుకోకు. పాప నీ ఇంటికి వస్తాంటాది. ఉప్పు కుండా నీ ఇంట్లోనే ఉండాది..."

రాట్నం ఆగిపోయింది. షంషాద్ బీ లేచి తన ఇంటికి పోయింది. కుండ ఎత్తుకొచ్చి మల్లక్క ముందు దబ్బున పెట్టింది.

"నీ చేత్తో ఏసిన ముడి. అట్లనే ఉందా లేదా చూసుకో. ఆ బిడ్డ మా ఇంట్లో ఖర్జూరం తప్ప ఇంకోటి తిన్నింటే నా చెయ్యి ఇరగ. నీ ఇంట్లో చిల్లి ఎతుక్కోకుండా నా ఇంట్లో ఎతుకుతావా?"

ముడి కదల్లేదు. మల్లక్క ఆ ముడినీ చాప మీది పోగులనూ మార్చి మార్చి చూసింది. షంషాద్ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "నాదే తప్పు. కూచో. నీ కండ్లు నాకంటే మేలు. ఇది లేచినప్పుడు ఏం జరిగిందో చెప్పు."

ఇద్దరూ వేళ్ల మీద రోజులు ఎంచారు. ఐదో రోజు పడుగుకు గంజి పట్టించారు. పన్నెండో రోజు ఇంకో పడుగు. రెండుసార్లూ ఆ వెంటనే కాళ్లు ఉబ్బాయి. పడుగు పట్టే రోజున వీధి అంతా ఉంటుంది, ఎవరో ఒకరు ఏదో ఒకటి పెట్టి ఉంటారని షంషాద్ అంది. మల్లక్క కాదని తల ఊపింది. ఆమెకు ఇంకొకటి గుర్తుకొచ్చింది. రెండుసార్లూ గంజి చాల్లేదు. పడుగు చివర రెండు బారలు పొడిగా మిగిలిపోతే కొడుకు చేత మాటలు పడింది. ముప్పై ఏళ్లలో కొలత తప్పని చెయ్యి, వరసగా రెండుసార్లు తప్పింది.

ఆ అనుమానం ఆమె పైకి అనలేదు. అనడానికి భయం వేసింది.

పంతొమ్మిదో రోజు పొద్దున్నే వీధిలో పడుగు సాచారు. రామలింగప్ప కుంచె పట్టుకుని ఆ చివర ఉన్నాడు. మల్లక్క గంజి కుండ అరుగు కింద నీడలో పెట్టి, ఎప్పటిలా పడుగు వెంట నడిచింది. నాలుగు అడుగులు వేసి స్తంభం వెనక ఆగింది. కాళ్ల బరువుతో ఆడుకోలేని సుంకి, పడుగు పట్టే రోజుల్లో ఎప్పుడూ ఆ నీడలోనే కూర్చుంటుంది. పిల్ల అటూ ఇటూ చూసింది. మూత జరిపింది. కొబ్బరిచిప్ప గరిటెతో ఒకటి ముంచి తాగింది. పెదాలు నాక్కుని ఇంకొకటి ముంచింది. ఆ తాగడంలో దొంగతనం కంటే తృప్తి ఎక్కువగా కనిపించింది.

మల్లక్క అరవలేదు. పోయి పిల్ల పక్కన నేల మీద కూలబడింది. సుంకి గరిటె వీపు వెనక దాచుకుంది. మూతి చుట్టూ గంజి తెల్లగా ఆరుతోంది.

"ఏటికి తాగినావు తల్లీ? అది నూలుకు పెట్టేది. మనుషులు తాగేది కాదే."

"బాగుంటాది జేజీ" అంది సుంకి. "ఇంట్లో నువ్వు చేసే పప్పు బాగలేదు. ఇది ఉప్పగా ఉంటాది."

ఇంట్లో రవ్వ ఉప్పు లేకుండా ఊడ్చిపెట్టింది. ముడి వేసి పక్కింటికి పంపింది, పక్కింటి మనిషిని అనరాని మాట అంది. ఆ చేత్తోనే వారానికి ఒకసారి పిడికెడు ఉప్పు ఈ కుండలో వేసింది. అది తిండి అని ఒక్కసారైనా మనసుకు రాలేదు. నూలు ఉప్పు నూలుదే అనుకుంది. మల్లక్క ఆ కుండ ఎత్తి, పడుగుకు గంజి పట్టడం పూర్తికాకముందే, మురిక్కాలవలో కుమ్మరించింది.

ఆ చివర నుంచి రామలింగప్ప పరుగెత్తుకొచ్చాడు. "నీకేమన్నా పట్టిందా అమ్మా? పడుగు ఆరిపోతాండాది!"

"వేరే కాస్తా. ఉప్పు లేకుండా."

"ఉప్పు లేకపోతే ఈ గాలికి నిలబడతాదా? నువ్వే గదా చెప్పేది!"

"నిలబడదు. తెగుతాది. తెగితే అతుకు. నీ బిడ్డ లోపల తెగింది అతకడానికి ఎవురికీ రాదంట. ఆ డాక్టరమ్మకే రాదంట."

సంగతి తెలిసి అతను కుంచె కింద పెట్టి కూతురి వైపు చూశాడు. తిట్టబోయి, మూతి మీది తెలుపు చూసి, పైగుడ్డతో తుడిచాడు. ఆ పడుగు మగ్గం ఎక్కినాక అన్నంత పనీ చేసింది. పూటకు ఇన్ని పోగులని తెగింది. రెండు రోజులు పళ్లు కొరుక్కుని అతికాడు. మూడో రోజు ఎవరూ చెప్పకుండానే హంద్రి నుంచి ఇసుక తెచ్చి, మగ్గం గుంతలో పోసి, పొద్దుకు రెండుసార్లు నీళ్లు చల్లడం మొదలుపెట్టాడు. చెమ్మ కింది నుంచి లేచింది. తెగడం పూర్తిగా పోలేదు గాని తగ్గింది.

ఇక గోడ మేకు మీది పోగులు దిగడమే గాని లేవడం లేదు.

అమావాస్య రోజు పెద్ద ఈరన్న వచ్చాడు. కంబళి దులిపి పరిచి, సూది బయటికి తీశాడు. మాట ప్రకారం పిలిచినవాడు రామలింగప్పే. ఇప్పుడు తల్లి వైపు చూస్తూ నిలబడ్డాడు. సుంకి జేజి కొంగు వెనకకు పోయింది.

"చెప్పు మల్లక్కా, వాపు యాడుండాది?" అన్నాడు ఈరన్న.

మల్లక్క పోగులన్నీ తెచ్చి అతని ముందు పరిచింది. మొదటిది ఏ రోజుది, లేచినవి ఏ రోజులవి, గంజి కుమ్మరించింది ఏ రోజో వేలితో చూపిస్తూ చెప్పింది. ఈరన్న ముసలి కళ్లు చికిలించి విన్నాడు. కొత్త పోగు ఒకటి అడిగి, తనే సుంకి మడమకు చుట్టి తుంచాడు. చివరి పోగు పక్కన పెట్టాడు. వెంట్రుకవాసి తక్కువే ఉంది. కడియం కింద రెండు వేళ్లు దూర్చి తిప్పాడు. తిరిగింది.

"నేను గొర్రెలకు ఇట్ల ఎప్పుడూ కొలవలేదే!" అన్నాడు తనలో తానే. కొంతసేపు పోగులు కదుపుతూ కూర్చుని, సూదిని కంబళి మడతలో దోపాడు. "రామలింగప్పా, దిగుతాండే వాపు మీద వాత పెడితే రేపు తగ్గినాక పేరు నాకొస్తాది. ఆ పేరు నాకొద్దు. లేస్తే చెప్పి పంపు, వస్తా."

రామలింగప్ప తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, అయితే పోయినట్టేనా?"

మల్లక్క గాజు గొట్టం తెచ్చింది. పొద్దున పట్టిపెట్టిన ఉచ్చ సగానికి పోసి, పటకారుతో కుంపటి నిప్పుల మీద పట్టింది. అందరూ వంగి చూశారు. ఈరన్న అందరికంటే ఎక్కువ వంగాడు. పై సగం కాగింది. తెల్లబడింది. నిమ్మచుక్క వేసినా పోలేదు. కానీ మొదటిసారి గొట్టం అవతల వేలు కూడా కనిపించకుండా చేసిన తెలుపు, ఇప్పుడు తెల్లారుజామున హంద్రి మీది మంచులా పలచగా ఉంది. అవతల సుంకి ముఖం కనిపిస్తోంది.

"పోలే" అంది మల్లక్క. "పలచబడింది. గంజే అయితే ఇంత పలచనిదానితో పోగు నిలబడదు. అంతవరకు చెప్పగలను. మిగతాది డాక్టరమ్మను అడగాల. ఆయమ్మకు తెలీకపోతే, ఇద్దరమూ కలిసి చూస్తాం."

గొట్టం కడుగుతూ ఆమె గూడూరు సంగతి ఆలోచించింది. కోడలికి ఎనిమిదో నెల. అక్కడ ఆమె కడుపులో ఒక జత గుర్దాలు ఇంకా మగ్గం మీదే ఉన్నాయి. చివరి పోగు ఈ నెలలోనే పడుతుంది. దానికి ఎవరు గంజి పట్టిస్తారో, ఎక్కడ తెగితే ఎవరు అతుకుతారో, డాక్టరమ్మను అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలిపోయిందని అప్పుడు తోచింది.

వచ్చినవాణ్ణి ఉత్త కడుపుతో పంపకూడదని ఈరన్నకు అన్నం పెట్టారు. జొన్నసంగటి, కందిపప్పు. అతను ఒక ముద్ద తీసుకుని నమలడం ఆపాడు. మర్యాదకు ఏమీ అనలేదు గాని విస్తరి చుట్టూ కళ్లతో వెతికాడు.

ఎదురుగా కూర్చుని తింటున్న సుంకి అది కనిపెట్టింది.

"ఉప్పు షంషాద్ బీ ఇంట్లో ఉండాది తాతా" అంది. "వద్దులే. మొదట్లో అట్లనే ఉంటాది. వారం తింటే అలవాటైతాది."